సమ్మర్ క్యాంపులో పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ చివర్లో బడులు మూయగానే హైదరాబాద్ శివార్లలో క్యాంపులు మొదలు. మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్లేవాళ్ల కోసం ఇది.

- గర్త్, అంటే గుర్రం పొట్ట కింద జీనును బిగించే పట్టీ, రెండుసార్లు చూడాలి. బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి, నాలుగడుగులు వేశాక పట్టీ వదులైపోతుంది. నా మొదటి వారంలోనే తొమ్మిదేళ్ల పాప రికాబులో కాలు పెట్టి లేవగానే జీనుతో సహా పక్కకి ఒరిగిపోయింది, పక్కనే ఉన్నా కాబట్టి పట్టుకోగలిగా. కాస్త నడిపించి, మళ్లీ బిగించి, అప్పుడు ఎక్కించండి.

- మడమ ఎత్తు లేని బూట్లు, శాండల్స్ వద్దు. పాదం రికాబులోంచి దూరి ఇరుక్కుంటే, పడ్డ పిల్లాణ్ణి గుర్రం ఈడ్చుకుపోతుంది.

- సైకిల్ హెల్మెట్ తెస్తారు, ఒప్పుకోకండి. స్వారీ హెల్మెట్టే కావాలి, పట్టీ పెట్టాక తల ఊపితే కదలకూడదు.

- గుర్రాన్ని నడిపించే తాడు చేతికి చుట్టుకోవద్దు. అది బెదిరి లాగితే వేళ్లు పోతాయి.

- క్లాసులు ఉదయం 6 నుంచి 8:30 లోపే. మండుటెండలో గుర్రానికి చెమట ఆగిపోయిందంటే వడదెబ్బే అనుకోండి: నీడకు తీసుకెళ్లి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ పశువుల డాక్టర్‌ని పిలవండి.

- వీడియో తీస్తూ గుర్రం వెనక్కి వచ్చేది ఎక్కువగా తల్లిదండ్రులే. తాడు కట్టి అవతల నిలబెట్టండి, మొహమాటపడితే తన్ను తినేది వాళ్లు, మాట పడేది మనం.