ఇంప్లాంట్‌కు ముందు సీటీలో దవడ ఎముక సాంద్రత కొలవడం ఎలా

ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే మర. ముందుగా చూసుకోవాల్సింది, చేతికొచ్చిన స్కాన్ ఏ యంత్రంలో తీసిందన్నది. స్కాన్ సెంటర్లలోని పెద్ద సీటీ సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో (హెచ్‌యూ) లెక్కిస్తుంది: నీటికి 0, గాలికి మైనస్ 1000. డెంటల్ క్లినిక్‌లలో వాడే సీబీసీటీ (కోన్ బీమ్ సీటీ, శంకువు ఆకారపు ఎక్స్-రే కిరణాలతో తీసే స్కాన్) సంగతి వేరు. సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌యూ అని రాసి ఉన్నా అవి నిజమైన హౌన్స్‌ఫీల్డ్ అంకెలు కావు. యంత్రం మారినా, ఫీల్డ్ సైజు (స్కాన్‌లో పడే ప్రాంతం పరిమాణం) మారినా, అదే ఎముక ఫీల్డ్ మధ్య నుంచి అంచుకు జరిగినా అంకె మారిపోతుంది.

ఎముకను డీ1 (అన్నిటికన్నా గట్టిది) నుంచి డీ5 (అన్నిటికన్నా మెత్తనిది) వరకు విభజించే మిష్ వర్గీకరణ, హెచ్‌యూలలో: 1250 పైన డీ1, 850–1250 డీ2, 350–850 డీ3, 150–350 డీ4, అంతకన్నా తక్కువైతే డీ5. ఈ హద్దులు పెద్ద సీటీకి చెప్పినవి. సీబీసీటీ అంకెను తెచ్చి ఈ పట్టికలో పెట్టడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. సీబీసీటీలో ఒకే స్కాన్‌లోని రెండు చోట్లను పోల్చి ఏది మెత్తనో ఏది గట్టిదో అంచనా వేయండి, అదీ జాగ్రత్తగానే.

స్కాన్ తీసేటప్పుడు కట్టుడు పళ్ల సెట్టు, కమ్మలు, ముక్కుపుడక తీయించాలి. పై పళ్లూ కింది పళ్లూ తగలకుండా మధ్యలో దూది చుట్ట పెడితే ఎదురు దవడలోని లోహపు క్యాపుల చారలు మనకు కావలసిన చోట పడవు. కదలవద్దని, ఆ కొద్దిసేపు మింగవద్దని ముందే చెప్పాలి. సీబీసీటీకి 0.2–0.3 మి.మీ. వోక్సెల్ (బొమ్మలోని అతిచిన్న ఘనపు ముక్క) సరిపోతుంది. పెద్ద సీటీలో స్లైస్ 1 మి.మీ. మించకూడదు, గ్యాంట్రీ (రోగి చుట్టూ ఉండే యంత్రపు వలయం) వంచకూడదు. అంచులు బాగా కనిపించాలని షార్ప్ బోన్ కెర్నెల్ అనే ఫిల్టర్‌తో తయారుచేసిన బొమ్మ మీద సాంద్రత కొలిస్తే పైపొర దగ్గర అంకెలు ఉన్నదానికన్నా పెరుగుతాయి. కొలతకు స్టాండర్డ్ కెర్నెల్ సిరీస్ కూడా అడిగి తీసుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో దవడ వంపు వెంట గీత గీసి, 1 మి.మీ. ఎడంతో అడ్డుకోతలు తీయండి. ఇంప్లాంట్ వేసే చోట దాని కొలతకు, ఉదాహరణకు 4×10 మి.మీ., నమూనా పెట్టండి. కింది దవడ వెనుక భాగంలో నరపు కాలువకు 2 మి.మీ. పైనే ఆగాలి. ఇప్పుడు సగటు చూడాల్సింది నమూనా లోపల కాదు, దాని చుట్టూ ఉన్న 1 మి.మీ. మందం పొరలో. లోపలి ఎముకను ఎలాగూ డ్రిల్ తీసేస్తుంది. మర పట్టుకునేది చుట్టూ మిగిలినదే.

అంచు (చిగుళ్ల వైపు), నడుమ, కొస, మూడు చోట్లా విడివిడిగా కొలవండి. మొత్తానికి 600 వచ్చిందంటే అది నిజంగా డీ3 కావచ్చు. లేదా పైన గట్టి పొర 1200, లోపల స్పాంజి ఎముక 250 కలిసి ఇచ్చిన సగటూ కావచ్చు. రెండోదానిలో అంచు పొరను వెడల్పుగా డ్రిల్ చేశామంటే ఇంప్లాంట్ లూజుగా తిరుగుతుంది. అందుకే అంకెతో పాటు పైపొర మందాన్ని మి.మీ.లలో రాసుకోవాలి.

అంకె ఎక్కువగా ఉంటే మంచిదేనని అనుకోకండి. ఎముక లోటు పూడ్చేందుకు పశువుల ఎముక నుంచి చేసిన గ్రాఫ్ట్ గుళికలు స్కాన్‌లో తెల్లగా వెలుగుతాయి. అక్కడ సజీవమైన ఎముక ఎంత పెరిగిందో ఆ తెలుపు చెప్పదు. పాత ఇన్ఫెక్షన్ వల్ల గట్టిపడిన చోటా అంతే, రక్తప్రసరణ తక్కువగా ఉండొచ్చు. పక్క పన్నుకు లోహపు క్యాపు ఉంటే దాని దగ్గరి నల్ల చారలు అంకెను తగ్గిస్తాయి, తెల్ల చారలు పెంచుతాయి. చార పడిన స్లైస్‌ను కొలతలోంచి వదిలేయడమే మేలు.

డీ1 ఎముకలో ముప్పు వేడి. 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉన్నా ఎముక దెబ్బతింటుంది. కొత్త డ్రిల్, ధారాళంగా చల్లని సెలైన్, ఆగి ఆగి పైకీ కిందికీ కదుపుతూ డ్రిల్ చేయడం, చివర ట్యాప్ (రంధ్రంలో మర చాళ్లు కోసే పరికరం) వాడడం తప్పనిసరి. పై దవడ వెనుక తరచూ కనిపించే డీ4లో చివరి డ్రిల్ వదిలేసి, రంధ్రం కాస్త ఇరుకుగా ఉంచి, కొస సన్నబడే ఇంప్లాంట్ వేయాలి. క్యాపు పెట్టే ముందు ఎక్కువ కాలం ఆగాలి.

స్కాన్ ఏమి చెప్పినా, బిగించేటప్పుడు టార్క్ (తిప్పే బలం) 35 ఎన్‌సీఎంకు (న్యూటన్ సెంటీమీటర్లకు) చేరకపోతే అదే రోజు పన్ను పెట్టే ఆలోచన మానుకోవాలి. ప్రతి కేసులో స్కాన్ అంకె, టార్క్ పక్కపక్కన రాసిపెట్టండి. మీ సీబీసీటీ యంత్రానికి పనికొచ్చే కొలబద్ద ఆ నోటు పుస్తకంలోనే తయారవుతుంది. సీబీసీటీ చేతిలో ఉండగా సాంద్రత అంకె కోసమే పెద్ద సీటీ రాయకండి. ఆ ఒక్క అంకె కోసం రోగికి అదనపు రేడియేషన్ ఇవ్వడం తగదు.