నల్గొండ నుంచి ఫిల్మ్ స్టడీస్ లెక్చరర్ కావాలంటే: కొంచెం ఆలుగడ్డలు, కొంచెం నెట్, కొంచెం ఫ్రెంచ్

ఫిల్మ్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేస్తానని చెప్పిన రోజు మా బాపు అడిగిన మొదటి మాట, "అయితే డైరెక్టర్ అయితవా?" కాను అన్నాను. "మరి హీరోవా?" అన్నాడు, నవ్వకుండానే. ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ వస్తుంది కాబట్టి జవాబు ఇప్పుడే రెడీ చేసుకోండి. తెలుగు ఎం.ఏ. చేసినవాళ్ళంతా నవలలు రాయరు కదా, చదువుతారు, పాఠం చెప్తారు, వాటి మీద వ్యాసాలు రాస్తారు. ఇదీ అంతే, నవల ఉండే చోట సినిమా ఉంటుంది. తీయాలనే కోరిక ఉంటే పుణె ఎఫ్‌టీఐఐకో కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐకో వెళ్ళండి, అది వేరే దారి. నేను చెప్పేది పాఠం చెప్పే దారి, అందులోనూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో వచ్చిన మోడర్నిస్టు సినిమా మీద పని చేద్దామనుకునేవాళ్ళకు.

ఏంటా సినిమా అంటే, ఇది జరిగింది కాబట్టి అది జరిగింది అనే లెక్క మీద కథ నడవని సినిమా. ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీ 1960లో తీసిన 'లవెంచురా'లో ఒకమ్మాయి దీవిలో కనపడకుండా పోతుంది, వెతుకుతారు, దొరకదు, పోనుపోను వెతకడమే మర్చిపోతారు. ఎక్కడికి పోయిందో చివరిదాకా చెప్పరు. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జనం ఎగతాళి చేశారు, అదే కాన్‌లో దానికి జ్యూరీ ప్రైజ్ వచ్చింది. నాకైతే మొదటిసారి నిద్రొచ్చింది, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎక్కడ బోర్ కొట్టింది, సరిగ్గా ఏ షాట్ దగ్గర ఫోన్ తీశారు, అది రాసి పెట్టుకోండి. మీ మొదటి రీసెర్చ్ నోట్ అదే.

చూడటం ఎలాగో నాకు మా అమ్మ నేర్పింది, ఆమెకు తెలియకుండానే. బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన 'ఝాన్ దీల్‌మాన్' అని ఒక సినిమా ఉంది, 201 నిమిషాలు, బ్రస్సెల్స్‌లో ఒక విధవరాలు ఇంటిపని చేసుకోవడం, డబ్బు కోసం మధ్యాహ్నం పూట ఒక మగవాణ్ణి లోపలికి రానివ్వడం, మళ్ళీ ఇంటిపని. 2022లో బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల ఓటింగ్‌లో మొదటి స్థానం దీనికే వచ్చింది. దసరా సెలవుల్లో ఊళ్ళో ల్యాప్‌టాప్‌లో చూస్తుంటే అమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ పక్కన కూర్చుంది. సినిమాలో రెండో రోజు ఆలుగడ్డలు మరీ ఉడికిపోతాయి, ఆ విధవరాలు ఆ గిన్నె పట్టుకొని ఏం చేయాలో తోచక ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ తిరుగుతుంది. అమ్మ చేయి చాటలో ఆగిపోయింది. "గంజు పట్టుకొని అట్ల తిరుగుతదేంది, ఏమైందామెకు?" అన్నది. అప్పటిదాకా నేను పుస్తకాల్లో చదివి అండర్‌లైన్ చేసుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. రోజూ జరిగే పనిని గంటసేపు అలాగే చూపించారు కాబట్టే అది చిన్నగా తప్పినప్పుడు గుండె దడదడలాడుతుంది. మాటల్లేవు, మ్యూజిక్ లేదు, ఏడుపు లేదు.

అందుకే వంద సినిమాల లిస్టు పెట్టుకొని టిక్కులు కొట్టుకోకండి. ఒక చిన్న సీన్ తీసుకోండి. ఆంటోనియోనీదే 'లెక్లిస్' (1962) చివరి ఏడు నిమిషాలనుకోండి. ఇద్దరు ప్రేమికులు రోమ్‌లో ఒక మూలమలుపు దగ్గర కలుద్దామనుకుంటారు, ఇద్దరూ రారు, కెమెరా మాత్రం వస్తుంది. సగం కట్టిన బిల్డింగ్, కారుతున్న నీళ్ళ డ్రమ్ము, బస్సు దిగి పేపర్ చదువుకుంటూ పోయే మనిషి, వీధిదీపం. నోట్‌బుక్‌లో నిలువు గీతలు గీసి ప్రతి షాట్‌కూ ఒక వరుస రాయండి: ఎన్ని సెకన్లు, కెమెరా ఎంత దూరంలో ఉంది, కదిలిందా, ఏం వినపడుతోంది. మూడోసారి చూసేటప్పుడు సౌండ్ ఆపేసి చూడండి. తర్వాత ఒక సాయంత్రం నల్గొండ గడియారం సెంటర్‌లో ఏడు నిమిషాలు నిలబడి, ఎవరూ రాకపోతే అక్కడ ఏమేం కనపడతాయో అవే గడుల్లో రాయండి. పిచ్చిపని అనిపిస్తుంది కానీ ఇది చేసినవాడి రాత వేరేగా ఉంటుంది, చేయనివాడి రాతలో "అద్భుతమైన ఛాయాగ్రహణం" అని ఉంటుంది.

ఇక డిగ్రీలు. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఇంగ్లిష్ ఎం.ఏ. చేసినా ఇటు రావచ్చు, అది తక్కువ దారి కాదు. దేశంలో సినిమా పాఠం చెప్పేవాళ్ళలో చాలామంది ఇంగ్లిష్ నుంచో మాస్ కమ్యూనికేషన్ నుంచో వచ్చినవాళ్ళే. నేరుగా ఈ సబ్జెక్టే కావాలంటే జాదవ్‌పూర్‌లో ఫిల్మ్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ ఉంది, ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్ ఉంది (ఎం.ఏ. సీటు సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ ద్వారా), మనకు దగ్గర్లో హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. ఇఫ్లూకి ఇంకో లాభం కూడా ఉంది, కింద చెప్తాను.

నెట్ అంటే లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష, దాని దగ్గర ఒక తిరకాసు. యూజీసీ నెట్‌లో ఫిల్మ్ స్టడీస్ అని విడిగా సబ్జెక్టు లేదు. మాస్ కమ్యూనికేషన్‌లో రాస్తే అడ్వర్టైజింగ్, పీఆర్, కమ్యూనికేషన్ మోడల్స్ అన్నీ బట్టీ పట్టాలి, అందులో సినిమా కొంచెమే. ఇంగ్లిష్ ఎం.ఏ. ఉంటే ఇంగ్లిష్‌లోనే రాయడం నయం అని నా అభిప్రాయం, ఎందుకంటే రేపు కాలేజీలో ఇంగ్లిష్ పోస్టుకైనా పనికొస్తుంది. పేపర్ 1 వంద మార్కులు, పేపర్ 2 రెండు వందలు, మొత్తం మూడు గంటలు. జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేటప్పుడు ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000. ఇంట్లో టెన్షన్ సగం తగ్గించేది ఈ డబ్బే, థియరీ కాదు.

భాష గురించి ఎవరూ ముందు చెప్పరు. ఫ్రెంచ్ దర్శకుడు గొదార్ మీద పని చేస్తానని చెప్పి ఫ్రెంచ్ రాకపోతే సెలెక్షన్ ప్యానెల్ మొహం అక్కడే మారుతుంది. సబ్‌టైటిల్స్‌తో సినిమా చూడొచ్చు, కానీ అప్పటి పత్రికలు, ఇంటర్వ్యూలు చదవాలి. కబుర్లు చెప్పేంత రానక్కర్లేదు, డిక్షనరీ పక్కన పెట్టుకొని ఒక పేజీ చదవగలిగితే చాలు. హైదరాబాద్‌లో అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్, గ్యోతే సెంట్రుమ్‌లో జర్మన్ నేర్పుతారు, ఇఫ్లూలో ఈ రెండూ, ఇంకా ఇటాలియన్, స్పానిష్, రష్యన్ ఉన్నాయి. ఇఫ్లూ లాభం అన్నది ఇదే. తెలుగు మీడియం వాళ్ళకు ఇంకొక్క మాట: ఇంగ్లిష్‌లో వ్యాసం రాయడం కష్టంగా ఉంటే ముందు తెలుగులో రాయండి. ఏం చెప్పదలచుకున్నారో తేలాక ఇంగ్లిష్ దానంతటదే రాదు కానీ, కనీసం ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది.

చదవడానికి అమెరికా సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ ఆర్ట్ సినిమా మీద 1979లో రాసిన వ్యాసంతో మొదలుపెట్టండి, చిన్నది, అర్థమవుతుంది. ఆ తర్వాత 1950 నుంచి 1980 వరకు యూరప్ మోడర్నిస్టు సినిమా మీద ఆండ్రాష్ బాలింట్ కోవాచ్ రాసిన పుస్తకం. సినిమా మీద రాసిన ఫ్రెంచ్ తత్వవేత్త డెల్యూజ్ జోలికి మొదటి ఏడాది పోకండి. పోయి వచ్చినవాళ్ళు ఏది రాసినా అదే భాషలో రాస్తారు, మనిషి దొరకడు.

పీహెచ్‌డీ సీటు కోసం ఇచ్చే రీసెర్చ్ ప్రపోజల్ విషయంలో నేను దెబ్బ తిన్నాను. "యూరోపియన్ సినిమాలో ఆధునికత" అని టైటిల్ పెట్టుకొని ఒక ఇంటర్వ్యూకి పోతే ఒక మేడమ్ పేపర్ పక్కన పెట్టి, "ఏ సినిమా, ఏ షాట్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రెండో ఏడాది అదే విషయాన్ని కుదించి, ఖాళీ గదిని కెమెరా ఎంతసేపు చూస్తుంది అనే ఒక్క ప్రశ్నతో, రెండు సినిమాలతో పోయాను. సీటు వచ్చింది. మన దగ్గరివాళ్ళకు ఇక్కడ ఒక బలం ఉంది: దొరగడి (దొరల పాత బంగళా) చూసి పెరిగినవాళ్ళకు ఖాళీ గది అంటే ఏంటో తెలుసు. బి. నర్సింగరావు 'దాసి' (1988) తీసుకొని, అందులో గడి నిశ్శబ్దాన్ని ఆంటోనియోనీ గదుల పక్కన పెట్టి చూడొచ్చు. కానీ వాళ్ళను చూసి వీళ్ళు తీశారని మాత్రం ఆధారం లేకుండా రాయకండి, వైవాలో (థీసిస్ మీద నోటి పరీక్షలో) మొదట పట్టుకునేది దాన్నే.

విదేశాలకు పోవాలంటే, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమొచ్చే ఉద్యోగం, జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు భారం తక్కువ. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే టాపిక్‌లను తీసేశారు. అంటే మన ఊరి మీద చేస్తానంటే ఇవ్వరు, ఇటలీ మీద చేస్తానంటే అడ్డు లేదు. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ అప్లై చేసేముందు ఆ ఏడాది రూల్స్ చదువుకోండి.

ఉద్యోగాలు తక్కువ, ఇది దాచిపెట్టి లాభం లేదు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700, కానీ నోటిఫికేషన్ కోసం ఏళ్ళు చూడాల్సి రావచ్చు, ఈలోపు గెస్ట్ క్లాసులు, ప్రైవేట్ యూనివర్సిటీల మీడియా కోర్సులు. డెమో క్లాసుకు పిలిస్తే మూడు నిమిషాలకు మించని క్లిప్ తీసుకెళ్ళండి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి, సబ్‌టైటిల్ విడి ఫైల్‌గా కాకుండా వీడియోలోనే కలిపి. నేను విడిగా పెట్టుకొని పోయాను, వాళ్ళ కంప్యూటర్‌లో రాలేదు, స్పీకర్ కూడా పనిచేయలేదు. చేసేదేం లేక నీళ్ళ డ్రమ్ము సీన్ పెట్టేసి, అందులో ఎలాగూ మాటలు లేవు కదా, పక్కన నిలబడి షాట్లు లెక్కపెట్టించాను పిల్లలతో. వెనక బెంచీలో ఒకబ్బాయి, "సార్, ఆ డ్రమ్ము ఇందాక కారలేదు" అన్నాడు.