తొక్కు ఎత్తే ముందు జాడీ దించండి

ఉగాది దాటి మామిడికాయ ముదిరిందంటే వరంగల్, హన్మకొండ ఇళ్లలో తొక్కు పనులు మొదలవుతాయి. కాయ కొట్టించడం, కారం పట్టించడం, నూనె కాయడం అన్నీ శ్రద్ధగానే చేస్తాం. తీరా ఎత్తేటప్పుడు జాడీ అటక మీదే ఉండిపోతుంది, చేతికి ఖాళీ పెయింట్ బకెట్ అందుతుంది. అది రంగుల కోసం చేసిన ప్లాస్టిక్, ఎన్నిసార్లు తోమినా తిండికి పనికిరాదు. ఈసారి దాన్ని వంటింటి గడప దాటనివ్వకండి.

ప్లాస్టిక్ తయారీలో కలిపే రసాయనాలు కొన్ని అందులో గట్టిగా అతుక్కుని ఉండవు. వేడి తగిలితే ఊడొస్తాయి. చాలావాటికి నూనెలో కరిగే గుణం కూడా ఉంది. బీపీఏ (బిస్ఫినాల్-ఎ), థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి) అలాంటివే. ఇవి శరీరంలో హార్మోన్ల పనిని చెడగొట్టగలవు. మనదేశంలో 2015 నుంచి పాలసీసాల తయారీలో బీపీఏను ఒప్పుకోవడం లేదు. మరి తొక్కు సంగతి చూడండి: నూనె, ఉప్పు, పులుపు మూడూ కలిసి ఏడాదంతా ఆ డబ్బాలోనే ఊరుతుంటాయి, పైన రోహిణి కార్తె ఎండ. పోపు నూనె పూర్తిగా చల్లారాకే కలపండి. కలపడానికి స్టీలు బేసిన్ చాలు, నిల్వకు మాత్రం జాడీ గానీ గాజు సీసా గానీ ఉండాలి.

"గట్టిగనే ఉన్నయి గద వదినె, ఎందుకు పారేసుడు?" అని పార్సిల్ డబ్బాల గురించి మా మరదలు అడిగింది. పారేయక్కర్లేదు. జీలకర్ర, ఆవాలు, పప్పుల్లాంటి పొడివి పోసుకోవచ్చు. వేడి కూర మాత్రం వద్దు. డబ్బా అడుగున త్రికోణంలో 3, 6, 7 అంకెలుంటే వేడికి అస్సలు వాడకండి. 5 ఉన్నది వేడికి కాస్త నిలుస్తుంది. 'మైక్రోవేవ్ సేఫ్' అన్నారంటే డబ్బా కరగదు, వంకరపోదు అని అర్థం, అందులోంచి ఏమీ దిగదని కాదు. పింగాణీ గిన్నెలోకి మార్చి వేడి చేస్తే పోయేదేముంది?

పసిపిల్లల విషయంలో నాకు మరీ భయం. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు 2020లో 5 నంబరు ప్లాస్టిక్ పాలసీసాలనే పరీక్షించారు. 25 డిగ్రీల నీళ్లకు లీటరుకు సుమారు 6 లక్షల ప్లాస్టిక్ రేణువులు వస్తే, 95 డిగ్రీల నీళ్లకు 5.5 కోట్లు వచ్చాయి. డబ్బాపాలు పట్టే తల్లులు నీళ్లు స్టీలు గిన్నెలో కాచి, పొడి అందులోనే కలిపి, గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పోయండి.

టిఫిన్ సెంటర్‌కు వెళ్తే స్టీలు క్యారేజీ తీసుకెళ్లండి. పొగలు కక్కే సాంబారు, ఛాయ్ పల్చటి కవర్లలో కట్టించుకోవద్దు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎండలో ఉంచకండి, ఇంటికి రాగానే మట్టి రంజన్‌లోకి వంపుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, మిరప చేన్లకు, పత్తి చేన్లకు పోయేవాళ్లు వినండి: పురుగుమందు డబ్బాలో తాగేనీళ్లు ఎన్నడూ పట్టుకోవద్దు. అది వేడికీ చల్లదనానికీ సంబంధం లేని విషం, కడిగితే పోదు. ఖాళీ అయిన డబ్బాకు బొక్కలు పొడిచి, పిల్లల చేతికి దొరక్కుండా చూడండి.

నిరుటి తొక్కు ఇంకా బకెట్లోనే ఉంటే ఇవాళే పారేయండి. కొత్తది ఎత్తే జాడీని వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించండి. తడి ఉంటే బూజు పడుతుంది.