థాయ్‌లాండ్‌లో ఫుకెట్, ఫీఫీ దీవులు, క్రాబీ చుట్టి రావాలంటే: బుక్ చేసే ముందు జాగ్రత్తలు

నవంబరు–ఏప్రిల్ మధ్య వెళ్లండి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు, అలలు ఎక్కువ.

- పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుందా?
- థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు (ఆ దేశంలోకి వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఫారం) అక్కడ దిగే ముందు 3 రోజుల లోపు నింపాలి. అది ఉచితం. డబ్బులడిగితే అది ప్రభుత్వ సైటు కాదు.
- చివరి రాత్రి ఫీఫీలో వద్దు. అక్కణ్ణుంచి ఫుకెట్‌కు పడవలో దాదాపు రెండు గంటలు. అలల వల్ల పడవ రద్దయితే విమానం పోయినట్టే. ముందురోజే ఫుకెట్‌కో క్రాబీకో వచ్చేయండి, రెండు చోట్లా ఎయిర్‌పోర్టు ఉంది.
- ఫీఫీలో కార్లు తిరగవు. సామాను తోపుడు బండి మీదో, మనమే ఈడ్చుకుంటూనో తీసుకెళ్లాలి. అమ్మానాన్నలు వస్తుంటే రేవు దగ్గరే గది చూడండి.
- బీచ్‌లో ఎర్రజెండా ఉంటే మోకాళ్ల లోతుకు కూడా దిగొద్దు. పిల్లలున్నవాళ్లకు దణ్ణం పెట్టి చెబుతున్నా.