పుష్ బటన్ డిజైన్ నేర్చుకుందాం – 4వ పాఠం: దుమ్మును ఎక్కడ ఆపాలి?

పోయిన పాఠంలో బటన్ కింద ఉండే లోహపు డోమ్‌ను (గుమ్మటంలా వంగిన పలచటి రేకు) నొక్కితే ‘టక్’మనే స్పర్శ ఎక్కణ్ణుంచి వస్తుందో చూశాం. చివర్లో ఒక చిన్న లెక్క ఇచ్చాను. 3.3 వోల్టుల సరఫరా, 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ (బటన్ నొక్కనప్పుడు మైక్రోకంట్రోలర్ పిన్నును సరఫరా వోల్టేజీ దగ్గర నిలిపేది) ఉంటే, బటన్ నొక్కినప్పుడు కాంటాక్ట్ (ఒకదానికొకటి తగిలే లోహపు భాగాలు) గుండా ఎంత కరెంటు వెళ్తుంది? జవాబు 0.33 మిల్లీ ఆంపియర్లు. దాన్ని గుర్తుంచుకోండి, ఈ పాఠం రెండో సగంలో దానితో పని ఉంది.

దుమ్ము అనగానే చాలామంది బటన్ చుట్టూ ఉన్న సందును మూసే పనిలో పడతారు. నా దృష్టిలో అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. దుమ్ము పెట్టెలోకి వచ్చినంత మాత్రాన పెద్దగా పోయేదేమీ లేదు. అది కాంటాక్ట్ మీదికి చేరితేనే బటన్ మొరాయిస్తుంది. కాబట్టి గట్టి గోడ కాంటాక్ట్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

మామూలు ట్యాక్ట్ స్విచ్‌లో (బోర్డు మీద బిగించే చిన్న నొక్కుడు స్విచ్) డోమ్ కదిలే దూరం సుమారు 0.25 మిల్లీమీటర్లు, అంటే 250 మైక్రాన్లు. ఆ ఖాళీ అంతా దుమ్ముతో నిండితేనే స్విచ్ పాడవుతుందని అనుకోకండి. లోహం కంటికి ఎంత నున్నగా కనిపించినా, రెండు లోహాలు నిజంగా తగిలేది కొన్ని సన్నని మిట్టల దగ్గరే. 20 మైక్రాన్ల గట్టి రేణువు ఒక్కటి మధ్యలో కూర్చుంటే చాలు, ఆ మిట్టలు కలవవు. రెండోసారి నొక్కితే రేణువు పక్కకు జరుగుతుంది, బటన్ పనిచేస్తుంది. ‘అప్పుడప్పుడు పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. రిపేరు బల్ల మీదికి వచ్చేసరికి స్విచ్ బుద్ధిగా పనిచేస్తుంటుంది, టెన్షన్ మాత్రం మనకు మిగులుతుంది.

దుమ్ము లోపలికి ఎలా వస్తుంది?

దుమ్ము దానంతటది రాలి లోపల పడేది తక్కువ. గాలి దాన్ని లాక్కొస్తుంది. బటన్ నొక్కినప్పుడు దాని కింద ఉన్న గాలి బయటికి పోతుంది, వదిలినప్పుడు కొత్త గాలి లోపలికి వస్తుంది. ప్రతి బటనూ ఒక బుల్లి కొలిమితిత్తి అన్నమాట.

అంతకంటే బలమైనది వేడి. పరికరం నడుస్తున్నప్పుడు లోపలి గాలి 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందనీ, ఆపేశాక 20 డిగ్రీలకు దిగిందనీ అనుకుందాం. కెల్విన్‌లలో అది 333 నుంచి 293. 293ను 333తో భాగిస్తే 0.88. అంటే చల్లబడేసరికి పెట్టె ఘనపరిమాణంలో 12 శాతం గాలి బయటినుంచి రావాలి. 100 మిల్లీలీటర్ల పెట్టె అయితే, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ 12 మిల్లీలీటర్లు. ఆ గాలి ఎక్కడ సులువైన దారి దొరికితే అక్కణ్ణుంచి వస్తుంది. అలాంటి దారి దాదాపు ఎప్పుడూ బటన్ చుట్టూ ఉన్న సందే.

అన్నీ బిగించేస్తే? అప్పుడు అదే 12 శాతం పీడనం తేడాగా మారి, సుమారు 12 కిలో పాస్కల్స్‌తో సీల్‌ను లోపలికి లాగుతుంది. పలచటి రబ్బరు తొడుగు గుంటపడుతుంది, ఒక్కోసారి డోమ్ మీద ఒత్తిడి పెట్టి బటన్ సగం నొక్కినట్టే ఉండిపోతుంది. అందుకే గాలికి వేరే దారి మనమే ఇవ్వాలి. బటన్లకు దూరంగా, కేసు వెనక వైపో పక్కనో ఒక రంధ్రం పెట్టి, గాలిని వదిలి దుమ్మును ఆపే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) పొరను దాని మీద అతికించండి. చాలామంది డబ్బు మిగుల్చుకోవడానికి ముందుగా తీసేసేది ఈ పొరనే. నేనైతే దీన్ని ఉంచి, కావాలంటే సీల్ ఖర్చు తగ్గిస్తాను.

ఇక్కడే ఐపీ రేటింగ్ గురించి రెండు ముక్కలు. పరికరంలోకి దుమ్ము, నీరు ఎంతవరకు రాకుండా ఉంటాయో చెప్పే అంకెలివి, మొదటిది దుమ్ముకు. మొదటి అంకె 5 అయితే, కొంత దుమ్ము లోపలికి వచ్చినా పరికరం పనికి అడ్డం రాదని అర్థం. 6 అయితే దుమ్ము అసలు రాదని. ఈ అంకెలను నిర్వచించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60529 ప్రకారం పరీక్షకు వాడేది 75 మైక్రాన్ల కన్నుల జల్లెడలో దిగిన టాల్కం పొడి. లోపలినుంచి గాలిని లాగుతారు గానీ, ఆ లాగుడు 2 కిలో పాస్కల్స్‌ను మించదు. మనం పైన వేసిన లెక్కలో 12 వచ్చింది, గమనించారా? పైగా పరీక్షకు పెట్టేది మామూలుగా శుభ్రమైన కొత్త నమూనా. యాభై వేల సార్లు నొక్కాక సీల్ ఎలా ఉంటుందో ఆ అంకె చెప్పదు.

ఏ సీల్, ఎక్కడ?

ప్యానెల్ మీద బిగించే పెద్ద బటన్లకు కడ్డీ చుట్టూ ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు వలయం) బాగానే పనిచేస్తుంది. వాటి స్ప్రింగు బలంగా ఉంటుంది, రాపిడిని లెక్కచేయదు. కానీ 160 గ్రాముల బలంతో నొక్కే చిన్న బటన్‌కు ఓ-రింగ్ పెడితే రాపిడి ఆ ‘టక్’ను మింగేస్తుంది. రింగుకూ కడ్డీకీ మధ్య ఇసుక చేరిందంటే బటన్ లోపలే ఇరుక్కుంటుంది. చిన్న బటన్లకు నా ఎంపిక సిలికాన్ తొడుగు. అది జారదు, వంగుతుంది. జారే భాగం లేకపోతే దుమ్ముకు నమలడానికి ఏమీ ఉండదు.

బటన్లన్నిటికీ కలిపి ఒకే సిలికాన్ షీటు వేయండి. కాఠిన్యం షోర్-ఎ (రబ్బరు గట్టిదనాన్ని కొలిచే స్కేలు) మీద 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. షీటు అంచు గాడిలో కూర్చుని, కేసు బిగించినప్పుడు దాని మందంలో ఐదో వంతో నాలుగో వంతో అణగాలి. స్క్రూల మధ్య దూరం ఎక్కువైతే కేసు మధ్యలో ఉబ్బి, సరిగ్గా అక్కడే సీల్ వదులవుతుంది. గీసిన డ్రాయింగులో ఇది కనిపించదు, నమూనా చేశాకే బయటపడుతుంది.

డోమ్‌ల మీద పలచటి ఫిల్ము అతికించే పద్ధతి కూడా ఉంది. అందులో ఒక్కో డోమ్‌ను విడివిడిగా మూసేస్తే, కింద చిక్కుకున్న గాలి నొక్కుడుకు అడ్డం పడి స్పర్శ మెత్తబడిపోతుంది. డోమ్‌ల మధ్య సన్నని గాలి కాలువలు వదలండి. అవి బయటికి తెరుచుకోకూడదు, ఒక డోమ్ నుంచి ఇంకో డోమ్‌కు వెళ్లాలి.

ఇక కేసు మూతలో బటన్ చుట్టూ ఉండే సందు సంగతి. దాన్ని అలాగే ఉండనివ్వండి. బటన్ అంచుకు కింద ఒక రెక్క, కేసుకు ఒక చిన్న గట్టు పెడితే దుమ్ము వంకరదారిలో వచ్చి గట్టు బయటే ఆగుతుంది. అంతకుమించి అక్కడ కష్టపడొద్దు.

అయినా కొంచెం వస్తుంది

ఆ కాస్త దుమ్మును తట్టుకునే పని కాంటాక్ట్‌ది, సర్క్యూట్‌ది. మధ్యలో చిన్న బొడిపెలు ఉన్న డోమ్‌లు దొరుకుతాయి. ఒక బొడిపె కింద రేణువు పడినా ఇంకొకటి తగులుతుంది. కార్బన్ బిళ్ల ఉన్న రబ్బరు కీప్యాడ్ వాడితే, బోర్డు మీది ప్యాడ్‌లను రెండు చేతుల వేళ్లు అల్లుకున్నట్టు గీయండి. రేణువు కొన్ని వేళ్లనే ఆపగలుగుతుంది.

పూత విషయంలో చిన్న కరెంట్లకు బంగారమే మేలు. వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. ఆ పొరను ఛేదించి వెళ్లేందుకు కాస్త కరెంటు కావాలి. మన 0.33 మిల్లీ ఆంపియర్లు బంగారు పూతకు సరిపోతాయి. వెండి అయితే పుల్-అప్‌ను తగ్గించి ఒక మిల్లీ ఆంపియర్ దాటించండి. 3.3 వోల్టులకు 2.2 కిలో ఓమ్‌లు పెడితే 1.5 వస్తుంది.

బ్యాటరీ ఆదా అవుతుందని పుల్-అప్‌గా 1 మెగా ఓమ్ పెట్టేవాళ్లున్నారు. దుమ్ముకు తేమ తోడై ప్యాడ్‌ల మధ్య 1 మెగా ఓమ్ లీకేజీ దారి ఏర్పడిందనుకోండి. బటన్ నొక్కకుండానే పిన్ను 1.65 వోల్టుల దగ్గర వేలాడుతుంది, మైక్రోకంట్రోలర్ దాన్ని నొక్కినట్టో కాదో తేల్చుకోలేదు. అదే లీకేజీకి 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ ఉంటే తగ్గేది 0.03 వోల్టులే. పైగా మంచి బటన్‌లో పుల్-అప్ కరెంటు నొక్కినంతసేపే పారుతుంది, కాబట్టి ఆ ఆదా పేరుకే.

బౌన్స్ (ఒక్కసారి నొక్కినా కాంటాక్ట్ క్షణంలో పలుమార్లు తగిలి విడిపోవడం) కూడా దుమ్ము చేరేకొద్దీ పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో 20 మిల్లీ సెకన్ల డీబౌన్స్ (ఆ తగులుళ్లను ఒకే నొక్కుడుగా లెక్కించే విరామం) పెట్టి ముందుకెళ్లండి. బోర్డు తయారీలో ఒక్క జాగ్రత్త: సీల్ లేని స్విచ్‌లను సోల్డరింగ్ అయ్యాక ద్రావకంతో కడగొద్దు. కరిగిన ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే పదార్థం) నేరుగా కాంటాక్ట్ మీదికి వెళ్లి ఎండిపోతుంది.

అభ్యాసం

ఒకటి: 250 మిల్లీలీటర్ల పెట్టె 55 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకు చల్లబడితే ఎంత గాలి లోపలికి వస్తుంది? కెల్విన్‌లలోకి మార్చడం మరవకండి.

రెండు: సీల్ లేని ట్యాక్ట్ స్విచ్ ఒకటి, సిలికాన్ షీటు కింద బిగించినది ఒకటి తీసుకోండి. మూసిన డబ్బాలో కొంచెం టాల్కం పొడితో పాటు పెట్టి కదిలించండి. తర్వాత రెండింటినీ ఒకేలా వందలసార్లు నొక్కి, ప్రతి యాభై నొక్కుళ్లకూ మల్టీమీటర్‌తో కాంటాక్ట్ రెసిస్టెన్స్ రాసుకోండి. సగటు కంటే ముఖ్యం, ఎన్నిసార్లు అసలు తగల్లేదన్నది. 5వ పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది, బటన్ ఆయుష్షును లెక్కగట్టడం అక్కడ చూద్దాం.