తక్కువ నీళ్లతో ఉమ్మడి కూరగాయల సాగు: సమస్యలు - పరిష్కారాలు

వరంగల్ చుట్టుపక్కల చల్క నేలల్లో (ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో) నాలుగైదు కుటుంబాలు ఒకే బోరు మీద కూరగాయలు పండించేటప్పుడు, ఏ మొక్క వాడినా నింద నీటి కొరత మీదికే పోతుంది. చాలాసార్లు అసలు లోపం నీళ్లు ఒక తీరుగా అందకపోవడంలో ఉంటుంది.

సమస్య: తడి పెట్టినా మధ్యాహ్నానికి మొక్కలు వాడిపోతున్నాయి.
కారణం: సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ ప్రభావమే. తెల్లవారినా తేరుకోకపోతే వేళ్ల దగ్గర తేమ లేదన్నమాట. మట్టి తడిగా ఉండి కూడా వాడితే వేరుకుళ్లునో ఎండుతెగులునో అనుమానించాలి. రోజూ పైపైన నీళ్లు చల్లితే వేళ్లు పై పొరలోనే ఉండిపోతాయి.
పరిష్కారం: జానెడు లోతు మట్టి తీసి పిడికిట నొక్కాలి. ముద్ద కట్టకపోతేనే, లోతుకు దిగేలా తడి పెట్టాలి. మొదళ్ల చుట్టూ, కాండానికి తగలకుండా, వరిగడ్డి మందంగా పరచాలి. బీర, సొర పాదుల మధ్య రంగు పూయని మట్టికుండను మెడ వరకు పాతి నీళ్లు నింపితే, అవి గోడల గుండా ఊరుతూ నేరుగా వేళ్లకు అందుతాయి. దోమలు చేరకుండా మూత తప్పనిసరి. చల్క నేల తేమను పట్టి ఉంచాలంటే మాత్రం చెరువు పూడిక మట్టిని మించినది లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతలో రైతులు పొలాలకు తోలుకున్నది ఆ మట్టినే.

సమస్య: టమాటా కాయల అడుగు నల్లబడుతోంది.
కారణం: ఇది తెగులు కాదు. ఒకసారి ఎండగట్టి మరోసారి ముంచెత్తడం వల్ల కాయకు కాల్షియం సరిగా అందదు.
పరిష్కారం: పురుగుమందు కొట్టడం దండుగ, తడికీ తడికీ మధ్య ఎడం సమంగా ఉంచాలి. మే నెలలో పూత రాలడం వేడి వల్ల కనుక, నీళ్లు పెంచినా ఆగదు. ఆ నెలకు గోరుచిక్కుడు మేలు.

సమస్య: డ్రిప్ చివరి మొక్కలకు నీళ్లు చేరడం లేదు.
పరిష్కారం: ఫిల్టర్ కడిగి, పైపుల చివరి మూతలు విప్పి మురికిని వదిలేయాలి.

సమస్య: పంట బాగుంది, పంపకంలోనే తగాదా.
కారణం: ఎవరు తడి పెట్టాలో, ఎవరు కోయాలో ముందే తేల్చుకోకపోవడం. బెండకాయ రెండు మూడు రోజులు ఆలస్యమైతే ముదిరిపోతుంది, ముదురు కాయలు చెట్టునే ఉంటే కొత్త కాపు తగ్గుతుంది.
పరిష్కారం: చెరువు కింద నీళ్లు వదలడానికి నీరటి ఉన్నట్లే, మడికీ వారానికొక కుటుంబం బాధ్యత వహించాలి. రోజు విడిచి రోజు కోసి, తూకం వేసి సమానంగా కుప్పలు పోయాలి; కుప్పలు పోసినవారు తమ వాటాను చివర తీసుకోవాలి. కోతకు రాలేని వారి వాటాను పక్కన పెట్టాలే గాని చెట్టుకు వదలకూడదు. మిగిలిన వంకాయ, గోరుచిక్కుడు ఎండబెట్టి వరుగులు చేసుకుంటే వాటినీ అదే పద్ధతిలో పంచుకోవచ్చు.