పండగ మర్నాడు కుక్క వాంతులు ఆగకపోతే ఏం చేయాలి?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ మంగళవారం వస్తుంది. ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద వేటమాంసం. విస్తళ్లలో మిగిలిన కొవ్వు ముక్కలన్నీ కుక్కకు పడేస్తాం. బుధవారం పొద్దున్నకి అది మూల చేరి కక్కుతుంటుంది. 'అరక్క కక్కింది, అదే తగ్గుతుంది' అని వదిలేస్తాం. ఒక్కసారి కక్కి మళ్లీ తోకాడిస్తే సరే. పదేపదే కక్కుతూ తిండి ముట్టకపోతే క్లోమం (అరుగుదల రసాలు తయారుచేసే పాంక్రియాస్ గ్రంథి) వాచిందేమో అనుమానించాలి. పేగులోకి వెళ్లాక పనిచేయాల్సిన రసాలు క్లోమంలోనే పని మొదలుపెట్టి దాన్నే అరిగించేస్తుంటాయి. లావుగా ఉన్న, వయసు మళ్లుతున్న కుక్కలకు ముప్పు ఎక్కువ.

ముందు అది నిలబడే తీరు చూడండి. ఛాతీ నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి ఉంచితే కడుపునొప్పి కావచ్చు. ఆటకు పిలిచేటప్పుడూ ఇలాగే వంగుతుంది గానీ, అప్పుడు తోక ఊగుతుంది. కొన్ని కుక్కలు నొప్పిని పైకి చూపించవు కూడా.

తర్వాత భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోకపోయినా, చిగుళ్లు జిగటగా ఉన్నా ఒంట్లో నీరు తగ్గినట్టే. ఇక సాయంత్రం దాకా ఆగొద్దు. మన మందుల డబ్బా మాత్రం తెరవకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు ప్రమాదం.

డాక్టరుకి ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో, ఎన్నిసార్లు కక్కిందో చెప్పండి. మూర్ఛకో మరి దేనికో మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. వాంతిని ఫోటో తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎముక అడ్డుపడినా ఇలాగే కక్కుతుంది కాబట్టి ఎక్స్‌రే అడగవచ్చు. రక్తపరీక్ష, స్కానింగ్ కూడా అవసరం పడతాయి. అవి ఎక్కడున్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చీపురుపల్లి వైపు వాళ్లకి గరివిడి పశువైద్య కళాశాల దగ్గర.

వైద్యమంటే ముఖ్యంగా సెలైన్, వాంతులకూ నొప్పికీ మందులు. ఒక సూదితో అయిపోతుందనుకోవద్దు. జబ్బు ముదిరితే కొన్ని రోజులు ఉంచాల్సి వస్తుంది, ప్రాణం పోయే కుక్కలూ ఉన్నాయి.

ఒకప్పుడు రోజుల తరబడి పస్తు పెట్టేవారు. ఇప్పుడు వాంతులు అదుపులోకి రాగానే తిండి మొదలుపెట్టమంటున్నారు. తోలు తీసిన కోడి రొమ్ము మాంసం నీళ్లలో ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి, రోజుకి నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. నూనె, ఉల్లి, వెల్లుల్లి, మీగడ వద్దు. మామూలు తిండికి ఎప్పుడు మారాలో డాక్టరునే అడగండి.

ఇది మళ్లీ వచ్చే జబ్బు. వచ్చే పండగకి 'చిన్న ముక్కే కదా' అనే మామ్మ ఇంట్లో ఉంటే, విస్తళ్లు ఎత్తకముందే కుక్కను పెరట్లో కట్టేయండి.